చెంపదెబ్బతో తేలిపోయే కేసులు!

టీవీలో హత్య జరిగింది. గంట తిరక్కుండా హంతకుడు దొరికిపోతాడు. ఎలాగో మనకి ముందే తెలుసు! పోలీసు హీరో చెంప ఛెళ్ళుమనిపిస్తాడు, వాడు 'నేనే చంపాను సార్' అంటూ కథంతా అప్పజెప్పేస్తాడు. పరిశోధనంటే ఇంతేనా?

సోనీలో 1998లో మొదలైన 'సి.ఐ.డి.' 2018 దాకా నడిచింది, 2024 డిసెంబరులో మళ్ళీ వచ్చింది. దయ తలుపులు బద్దలుకొడుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. కానీ డాక్టర్ సాలుంఖే ల్యాబులో అప్పటికప్పుడు తేలే రిపోర్టు, నిజం కేసుల్లో వారాలూ నెలలూ పడుతుంది.

ఇక ఆధారాల సంగతి! వేళ్ళకి పసుపు అంటింది కనుక నువ్వే దొంగవంటూ ఓ ఎపిసోడు ఆర్మూరులో తీశారనుకోండి. పసుపు తవ్వి, ఉడికించి, ఆరబెట్టే రోజుల్లో అక్కడ ఎవరి చేతులు పచ్చగా ఉండవు? ఊరు ఊరంతా జైలుకే! కొమ్ము విరిచి, ఆ చప్పుడుతోనే ఆరిందో లేదో చెప్పేస్తారు అక్కడి ఆడవాళ్ళు. ఆపాటి పరిశీలన మన హీరోకి ఉండొద్దూ? సాక్షుల మీద అరుస్తాడు, ఏడుస్తున్న తల్లిని గద్దిస్తాడు. అతనిమీద అభిమానం ఎలా పుడుతుంది?

1993లో దూరదర్శన్‌లో వచ్చిన 'బ్యోమకేశ్ బక్షి' గుర్తుందా? రజిత్ కపూర్ ధోవతి కట్టుకుని, ఎదుటివాళ్ళు చెప్పేది నిదానంగా వినేవాడు. ఆలోచనతోనే చిక్కుముడి విప్పేవాడు.

'కథే కదా, పోనిద్దురూ' అనకండి. స్టేషనంటే అరుపులూ దెబ్బలేనని నమ్మిన ఇల్లాలు, తనకి కష్టమొస్తే గడప దాటుతుందా?

అందుకే అసలు సంగతులు తెలుసుకుందాం. పోలీసు దగ్గర చేసిన ఒప్పుకోలు నేరానికి రుజువుగా కోర్టులో చెల్లదు. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ అదే మాట, 2024 జులై నుంచి అమలైన కొత్త చట్టంలోనూ అదే మాట. సాక్షిగా ప్రశ్నించాలంటే మహిళను స్టేషనుకి రమ్మనకూడదు, ఆమె ఉండే చోటికే వెళ్ళాలి. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు, అసాధారణ పరిస్థితుల్లో తప్ప స్త్రీని అరెస్టు చేయకూడదు. అప్పుడైనా మహిళా అధికారి ఉండాలి, మేజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు.

ఈసారి హీరో చెయ్యెత్తగానే పక్కనున్న పిల్లలతో అనండి: 'ఈ కేసు కోర్టులో నిలవదు!'