యాదగిరి: క్షేత్రనామం పురుషనామమైన తీరు

దిల్‌సుఖ్‌నగర్‌కు దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ పేరు, ఎల్.బి.నగర్‌కు లాల్ బహదూర్ శాస్త్రి పేరు వచ్చినవి. ఆ కాలనీలలో స్థిరపడిన నల్లగొండ, భువనగిరి ప్రాంతాల కుటుంబాలలో వినిపించే ‘యాదగిరి’ది ఇందుకు విపర్యయం. ఇచట కొండ పేరే మనిషికి వచ్చినది.

ఋష్యశృంగుని కుమారుడైన యాదమహర్షి తపస్సునకు మెచ్చి నరసింహస్వామి జ్వాలా, గండభేరుండ, యోగానంద, ఉగ్ర, లక్ష్మీనరసింహ రూపాలతో వెలసినాడని స్థలపురాణం. కావున ఇందలి ‘యాద’ శబ్దాన్ని జ్ఞాపకార్థకమైన ‘యాది’తో కలుపరాదు.

స్వామి నరసింహుడు కాగా బిడ్డకు కొండ పేరు పెట్టుట లాక్షణిక ప్రయోగం. మంచములు అరచుచున్నవన్నచో వాటిపైనున్నవారు అరచుచున్నారని గ్రహించినట్లే, ఇచట గిరిశబ్దం గిరిపైనున్న దైవాన్ని బోధిస్తున్నది. తిరుపతి, శ్రీశైలం అను పురుషనామాలదీ ఇదే మార్గం. నరసింహనామం అహోబిలానికి, సింహాచలానికి, మంగళగిరికి కూడ సాధారణం. ‘యాదగిరి’ అన్నంతనే మొక్కు ఏ కొండకు చెల్లినదో తెలియును. పేరు వ్యాప్తికి ఈ నిర్దిష్టతయే బలమనవచ్చును. తెలంగాణ సాయుధపోరాట కాలపు ప్రజాకవి బండి యాదగిరిదీ ఈ పేరే.

వ్యవహారంలో యాదయ్య, స్త్రీలకు యాదమ్మ అను రూపాలు ఏర్పడినవి. వీటిలో గిరి లోపించి ఋషినామమే మిగిలినది. పిలిచేవారికి ఆ ఎరుక ఉండకపోవచ్చును.

2016లో ఏర్పడిన జిల్లా పేరులో ‘యాదాద్రి’ చేరినది. గిరి, అద్రి పర్యాయపదాలే. సవర్ణదీర్ఘసంధితో ఏర్పడిన ఆ రూపమూ సాధువే. అయినను అంతకుముందే యాదగిరులైనవారు యాదగిరులుగానే ఉన్నారు.