జ్వరమొస్తే లంఖణం పరమౌషధమా? మలేరియా క్రిమి దగ్గర ఆ పప్పులుడకవ్..!

జ్వరం రాగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ‘లంఖణం పరమౌషధం’. కానీ మలేరియా విషయంలో ఇది పనిచేయదు. ఎందుకంటే ఆకలిని తట్టుకోవడంలో మలేరియా క్రిమి మొండిది.

ప్రాణాంతక మలేరియాకు కారణం ప్లాస్మోడియం ఫాల్సిపారం. ఒకే ఒక్క కణం ఉండే ఈ పరాన్నజీవి మన ఎర్ర రక్తకణంలో దూరి, అందులోని హిమోగ్లోబిన్‌ను తినేస్తుంది. సుమారు 48 గంటల్లో పదుల సంఖ్యలో పిల్లల్ని పుట్టించి, కణాన్ని పగలగొట్టుకుని బయటకొస్తుంది. చలి, వణుకు, జ్వరం మొదలయ్యేది అప్పుడే!

తిన్న హిమోగ్లోబిన్‌లో మిగిలిపోయే ఇనుప వ్యర్థమే నల్లటి రంగు పదార్థం. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ పొట్టలో గుర్తుపట్టింది ఆ నల్లటి చుక్కలనే. మలేరియా గుట్టు అలా బయటపడింది.

ఇంతకీ హిమోగ్లోబిన్ ఎందుకు తింటుంది?

ఒళ్లు పెరగాలంటే ప్రొటీన్లు కావాలి. ప్రొటీన్లకు ముడిసరుకు అమైనో ఆమ్లాలు. వీటిలో చాలావాటిని ఈ క్రిమి సొంతంగా తయారుచేసుకోలేదు. హిమోగ్లోబిన్‌ను ముక్కలు చేసి లాక్కుంటుంది. అయితే ఇక్కడే ఓ చిక్కుంది. పెద్దల హిమోగ్లోబిన్‌లో ‘ఐసోల్యూసిన్’ అనే అమైనో ఆమ్లం అసలు ఉండదు. దాన్ని మాత్రం కణం బయట ఉన్న రక్తద్రవం నుంచి తెచ్చుకోవాల్సిందే.

మరి అది దొరక్కపోతే చచ్చిపోతుందా? లేదు, నిద్రపోతుంది! 2012లో అమెరికా పరిశోధకులు ల్యాబ్‌లో ఐసోల్యూసిన్ అందకుండా చేసి చూశారు. క్రిమి ఎదుగుదల బాగా నెమ్మదించింది. కానీ 72 గంటలైనా ప్రాణం పోలేదు. మళ్లీ ఐసోల్యూసిన్ అందించగానే లేచి చకచకా పెరిగింది. అలా ఆకలితో ఉన్నన్నాళ్లూ ప్రొటీన్లను అరిగించుకోవడమే దాన్ని కాపాడిందని తేలింది.

అందుకే పప్పు, గుడ్డు మానేస్తే మలేరియా పోతుందనుకుంటే పొరపాటే. ఐసోల్యూసిన్‌ను మన ఒళ్లూ తయారుచేసుకోలేదు, తిండి నుంచే రావాలి. కడుపు మాడ్చుకుంటే నీరసించేది రోగే.

ఏం చేయాలి? చలిజ్వరం వస్తే ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. మలేరియా అని తేలితే డాక్టర్ రాసిన మందుల కోర్సు పూర్తిగా వాడాలి. జ్వరం తగ్గింది కదా అని మధ్యలో ఆపొద్దు. తేలిగ్గా అరిగే తిండి, నీళ్లు మాత్రం తప్పనిసరి.