సమష్టి కర్తృత్వం: ఆర్.ఇ.ఎమ్. సంగీత బృందం ప్రస్థానం

అమెరికాలోని జార్జియా రాష్ట్రానికి చెందిన విశ్వవిద్యాలయ పట్టణం ఏథెన్స్‌లో 1980లో స్టైప్, బక్, మిల్స్, బెర్రీ అనే నలుగురు ‘ఆర్.ఇ.ఎమ్.’ రాక్ బృందాన్ని స్థాపించారు. 1983లో ‘మర్మర్’ ఆల్బమ్ వెలువడింది. కళాశాల రేడియో కేంద్రాలు వీరి పాటలకు శ్రోతలను సమకూర్చాయి. 1991లో మాండలిన్ ప్రధానంగా సాగే ‘లూజింగ్ మై రిలిజియన్’ పాట అంతర్జాతీయ ఖ్యాతి తెచ్చింది.

ఈ ప్రస్థానంలో పరిశీలించదగిన ప్రధానాంశం కర్తృత్వం. పాటలలోని మాటలు ఎక్కువగా స్టైప్ రాసినా, కర్తలుగా నలుగురి పేర్లనూ ఆంగ్ల అక్షరక్రమంలో ప్రకటించేవారు. రాబడినీ సమానంగా పంచుకున్నారు. అందువల్ల పేరు కోసం, పైకం కోసం తగవులకు అవకాశం తగ్గిందని భావించవచ్చు. 1997లో బెర్రీ వైదొలగినా తక్కిన ముగ్గురు 2011 వరకు కొనసాగారు.

జానపద గేయాలలో కర్త సాధారణంగా అజ్ఞాతుడు. ఇక్కడ కర్తలు తెలిసినవారే, వారి వాటాలు మాత్రం అవిభాజ్యం. ఏకకర్తృత్వ భావనను పునఃపరిశీలించడానికి ఇది తగిన ఉదాహరణ.