కుళాయి నీటి కోసం పుట్టిన దీపం

చేపల తొట్టిలో నీళ్లు పచ్చబడి, అద్దాలకూ ఆకులకూ నాచు పట్టి ఎంత గీకినా వదలనప్పుడు, ముందుగా వినిపించే సలహా యూవీ లైటు పెట్టించమని. ఆ సలహా తప్పు కాదు గానీ, అందులో సగం విషయమే ఉంది. యూవీ దీపం ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలంటే దాని పుట్టుక తెలియాలి. నీటిని శుద్ధి చేసే ఈ దీపం పుట్టింది చేపల కోసం కాదు, గొట్టంలో ఒక్కసారి పారి వెళ్లిపోయే తాగునీటి కోసం. తొట్టిలో నీరు ఎక్కడికీ వెళ్లదు, తిరిగి తిరిగి అక్కడికే వస్తుంది.

1801లో జర్మనీలోని యేనాలో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ అనే శాస్త్రవేత్త వెండి లవణం పూసిన కాగితం మీద సూర్యకాంతిని రంగులుగా విడదీసి పడేలా చేశాడు. ఊదారంగు దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట కాగితం మరింత త్వరగా నల్లబడింది. అతినీలలోహిత (యూవీ) కిరణాలు మనిషికి తెలిసింది అలా. 1877లో ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు పరిశోధకులు పోషకద్రవం నింపిన నాళికల్లో కొన్నింటిని ఎండలో ఉంచి, కొన్నింటికి వెలుగు సోకకుండా కప్పారు. కప్పినవి మురిగాయి, ఎండ తగిలినవి తేటగా నిలిచాయి. సూక్ష్మజీవులను చంపింది వేడి కాదు, వెలుగే అని రుజువైంది. 1901లో అమెరికాలో పీటర్ కూపర్ హ్యూయిట్ పాదరసపు ఆవిరి దీపానికి పేటెంటు పొందాడు. తక్కువ ఒత్తిడిలో వెలిగే పాదరసపు ఆవిరి 254 నానోమీటర్ల కిరణాలను ధారాళంగా ఇస్తుంది, కానీ మామూలు గాజు వాటిని బయటికి పోనివ్వదు. క్వార్ట్జ్‌ను కరిగించి గొట్టాలు చేయడం చేతనయ్యాకే ఈ దీపం పనికొచ్చింది. 1910లో ఫ్రాన్సులోని మార్సేలో తాగునీటిని ఈ కిరణాలతో శుద్ధి చేశారు. ఆ తర్వాత చౌకగా దొరికే క్లోరిన్ దాన్ని చాలాకాలం వెనక్కి నెట్టింది. ఈ రోజు మన వంటింటి గోడకున్న నీళ్ల ఫిల్టరులోనూ, తొట్టి పక్కన పెట్టే యూవీ పెట్టెలోనూ ఉన్నది అదే దీపపు వంశం.

ఈ కిరణాలు కణంలోని డీఎన్‌ఏలో పక్కపక్కనున్న థైమీన్‌లను ఒకదానికొకటి అతికిస్తాయి. ఆ కణం ఇక రెండుగా చీలలేదు, సంతతి ఆగిపోతుంది. నీటిని పచ్చగా మార్చే క్లోరెల్లా లాంటి ఏకకణ నాచు మిల్లీమీటరులో వందో వంతుకన్నా చిన్నది, స్పాంజి ఫిల్టరుకు చిక్కదు. దాని మీద దీపం నిజంగా గెలుస్తుంది, లెక్క చూడండి. 100 లీటర్ల తొట్టి, గంటకు 200 లీటర్లు తోడే పంపు అనుకుందాం. అరగంటలో నీరంతా దీపం ముందు నుంచి వెళ్లిందనుకుంటాం. వెళ్లదు. శుద్ధి అయిన నీరు మళ్లీ అదే తొట్టిలో కలుస్తుంది కాబట్టి, అరగంట తర్వాత కూడా 37 శాతం నీరు దీపం దగ్గరికే రాలేదు. రెండు గంటలకు ఆ వాటా సుమారు 2 శాతానికి దిగుతుంది. నాచు రెట్టింపు కావడానికి కొన్ని గంటలైనా పడుతుంది గనక పందెం దీపానిదే. పంపు వేగం మరీ పెంచితే మాత్రం నీరు దీపం దగ్గర నిలిచే సమయం తగ్గి, కిరణాల మోతాదు చాలదు.

మొండి నాచు సంగతి వేరు. ఆకు అంచున నల్లటి కుచ్చులా పట్టే గడ్డం నాచు నిజానికి ఎర్ర నాచు జాతిది. స్పిరిట్‌లో వేస్తే పైనున్న ఆకుపచ్చ కరిగిపోయి ఆ ఎరుపు బయటపడుతుంది. అద్దం మీది పచ్చటి చుక్కలైనా, ఈ కుచ్చులైనా పట్టిన చోటు నుంచి కదలవు. దీపం దగ్గరికి రాని జీవిని దీపం ఏం చేయగలదు? పైగా పచ్చనీటి నాచు చచ్చినా, అది తిన్న ఫాస్ఫరస్, నత్రజని నీటిలోనే మిగులుతాయి. 1973లో కెనడాలోని ఒక సరస్సును శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం తెర కట్టి రెండుగా విడదీసింది. కార్బన్, నత్రజని రెండు వైపులా వేశారు, ఫాస్ఫరస్ ఒక వైపే. ఆ ఒక్క వైపే నాచు విరగబూసింది. మన తొట్టిలో ఫాస్ఫరస్ పోసేది, చేపలు తినగా మిగిలే మేత.

దీనికి గట్టి అభ్యంతరమే ఉంది. మొక్కలు దట్టంగా పెంచేవాళ్లలో కొందరు కావాలనే ఫాస్ఫేటు వేస్తారు, అయినా నాచు పట్టదు కదా? నిజమే. అక్కడ మొక్కలు చకచకా పెరుగుతూ ఆ ఆహారాన్ని వాడుకుంటాయి. మొక్కల్లేని తొట్టిలో, పది పన్నెండు గంటలు వెలిగే లైటు కింద, తినేది నాచు ఒక్కటే. యూవీ మేలు చేసే బాక్టీరియాను కూడా చంపేస్తుందన్న భయం మాత్రం అనవసరం. అమ్మోనియాను మార్చే బాక్టీరియా ఎక్కువగా ఫిల్టరు స్పాంజికీ గులకరాళ్లకూ అంటుకునే బతుకుతుంది. నాచును వదిలేసిన కారణమే దాన్నీ కాపాడుతుంది. అయితే మొక్కలకు వేసే ఇనుప ఎరువునూ, చేపలకు వేసే కొన్ని మందులనూ ఈ కిరణాలు విరగ్గొడతాయి. అవి వేసిన రోజు దీపం ఆపాలి.

1850లోనే లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయనవేత్త బంగారు చేపలనూ నీటిమొక్కనూ ఒకే పాత్రలో పెంచుతూ, కుళ్లిన ఆకులతో నాచుతో నీరు మసకబారడం చూశాడు. నత్తలను వదిలి ఆ ఇబ్బంది దాటాడు. కరెంటు దీపం లేని రోజుల్లో అతను ఆలోచించిన దారి నాకు ఇప్పటికీ సరైనదనిపిస్తుంది: మిగిలేదాన్ని తినేవాళ్లు తొట్టిలోనే ఉండాలి. కాబట్టి డబ్బు ముందు యూవీ మీద పెట్టకండి. లైటుకు టైమరు పెట్టి రోజుకు ఆరేడు గంటలకు తగ్గించండి. చేపలు రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేయండి. వారానికోసారి నాలుగో వంతు నీరు మార్చండి. త్వరగా పెరిగే మొక్కలు నాటండి. ఇవన్నీ చేశాక కూడా నీళ్లు పచ్చగానే ఉంటే అప్పుడు యూవీ కొనండి. ఇప్పటికే యూవీ ఉన్నవాళ్లు దీపం బిగించిన తేదీ పెట్టె మీద రాసుకోండి. సుమారు ఏడాది వెలిగాక నీలి వెలుతురు అలాగే కనిపిస్తుంది గానీ, చంపే కిరణాలు బాగా తగ్గిపోతాయి. బోరు నీళ్లు వాడే ఇళ్లలో క్వార్ట్జ్ తొడుగు మీద తెల్లటి సున్నపు పొర కట్టి ఆ కిరణాలను ఆపేస్తుంది. నిమ్మరసంతో తుడిస్తే పోతుంది. తుడిచే ముందు ప్లగ్గు తీసేయండి, వెలిగే ఆ దీపాన్ని ఒక్క క్షణం కూడా నేరుగా చూడకండి.