ఆసుపత్రిలో గడిపింది ఎన్ని రోజులు? బీమా లెక్కలో ఎన్ని?

రోగి ఒకరే, చికిత్స ఒకటే. అయినా ఆసుపత్రి బిల్లులో కనిపించే రోజులకు, బీమా సంస్థ అంగీకరించే రోజులకు తరచూ పొంతన ఉండదు. రోజును లెక్కించే పద్ధతులు వేరు కావడమే ఇందుకు కారణం.

ఉదాహరణకు, జులై 5 రాత్రి 10 గంటలకు చేరిన రోగి 8వ తేదీ ఉదయం 11 గంటలకు డిశ్చార్జ్ అయ్యారనుకుందాం. తేదీల ప్రకారం నాలుగు రోజులు. గడిచిన రాత్రుల ప్రకారం మూడు. మొత్తం వ్యవధి 61 గంటలు కనుక, పూర్తయిన 24 గంటల లెక్కన రెండు రోజులే. రోజుకు ఇంత అని నగదు చెల్లించే ‘హాస్పిటల్ క్యాష్’ పాలసీలు సాధారణంగా ఈ చివరి లెక్కనే పాటిస్తాయి. కొన్ని పాలసీలు మొదటి రోజును మినహాయిస్తాయి. అప్పుడు చేతికందేది ఒక్క రోజు నగదే.

24 గంటల నిబంధన

చికిత్స ఖర్చులు చెల్లించే పాలసీల్లో, రోగి వరుసగా కనీసం 24 గంటలు ఇన్‌పేషెంటుగా ఉండాలన్నది సాధారణ నియమం. కంటిశుక్లం శస్త్రచికిత్స, డయాలసిస్, కీమోథెరపీ వంటి డే కేర్ చికిత్సలకు దీని నుంచి మినహాయింపు ఉంది.

గది అద్దెకు పరిమితి

2020లో అమల్లోకి వచ్చిన ‘ఆరోగ్య సంజీవని’ పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు బీమా మొత్తంలో 2 శాతం, గరిష్ఠంగా రూ.5,000. రూ.2 లక్షల పాలసీకి ఇది రూ.4,000. రూ.6,000 గది తీసుకుంటే అదనపు అద్దె రోగే భరించాలి. గదిని బట్టి ఫీజులు మారే ఆసుపత్రుల్లో వైద్యుల ఫీజు వంటి అనుబంధ ఖర్చుల్లోనూ మూడింట రెండు వంతులే లెక్కలోకి వస్తాయి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చులకు ఈ కోత వర్తించదు.

ముందు, తర్వాత

ఇదే పాలసీలో చేరికకు ముందు 30 రోజులు, డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల వరకు అదే జబ్బుకైన ఖర్చులకు రక్షణ ఉంటుంది. పై ఉదాహరణలో అది జూన్ 5న మొదలై సెప్టెంబర్ 6తో ముగుస్తుంది. ఆయుష్మాన్ భారత్ పథకంలో ఈ గడువులు వరుసగా 3, 15 రోజులు.

డిశ్చార్జ్ ఆలస్యమైతే

నగదు రహిత చికిత్సలో, ఆసుపత్రి నుంచి డిశ్చార్జ్ అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా బీమా సంస్థ తుది అనుమతి ఇవ్వాలని నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించింది. అంతకు మించిన జాప్యం వల్ల ఆసుపత్రి అదనపు రుసుము వసూలు చేస్తే, దాన్ని బీమా సంస్థే భరించాలి.

అందువల్ల డిశ్చార్జ్ పత్రంలో తేదీలతో పాటు చేరిన, విడుదలైన సమయాలూ నమోదయ్యాయో లేదో ఆసుపత్రి వదలకముందే సరిచూసుకోవాలి.