ఆరు చుక్కల ఉత్తరం.. ఎల్లలు లేని అక్షరం

* లిపి మారినా బ్రెయిలీలో 'క' ఒక్కటే
* బరువెక్కువైనా తపాలా బిళ్ల అక్కర్లేదు

బరంపురంలో ఒడియా మీడియంలో చదివిన తెలుగింటి పిల్లలకు మాట తెలుగే అయినా రాత ఒడియా. శ్రీకాకుళం నుంచి మేనమామ రాసిన ఉత్తరం వస్తే ఎవరో ఒకరు చదివి పెట్టాల్సిందే. హోసూరులో తమిళం, సిరోంచలో మరాఠీ.. సరిహద్దు ఊళ్లన్నింటా ఇదే తంతు. అయితే ఒడియా బ్రెయిలీ నేర్చిన చూపులేని పిల్లాడికి ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. తెలుగు బ్రెయిలీలో వచ్చిన ఉత్తరాన్ని వేళ్లతో తడిమి తనే చదివేసుకోగలడు.

కారణం 1951లో ఖరారైన భారతీ బ్రెయిలీ. అంతకుముందు దేశంలో ప్రాంతానికో పద్ధతి ఉండేది. భాషలు వేరైనా ఒకే ధ్వనికి ఒకే గుర్తు ఉండాలని అప్పుడు నిర్ణయించారు. ఎడమ వరుసలో పై నుంచి 1, 2, 3.. కుడి వరుసలో 4, 5, 6.. ఇవీ చుక్కలు. 1, 3 చుక్కలు ఉబ్బితే తెలుగులోనూ, కన్నడలోనూ, ఒడియాలోనూ అది 'క'యే. 'కి' రాయాలంటే గుడి పెట్టరు, 'క' పక్కనే 'ఇ' గుర్తు వేస్తారు. చిన్న తేడాలు లేకపోలేదు. తమిళంలో చదివినవారు ఖ, గ, ఘ లాంటివి, ఒడియాలో చదివినవారు ఎ, ఒ హ్రస్వాలు కొత్తగా పట్టుకోవాలి.

కుడి నుంచి ఎడమకు..

రాయడానికి గళ్లున్న పలక, పొట్టి మొన చాలు. దళసరి కాగితాన్ని పలక రెండు రెక్కల మధ్య బిగించి, గడిలో మొనతో నొక్కుతారు. చుక్క అవతలి వైపు ఉబ్బుతుంది కాబట్టి రాత కుడి నుంచి ఎడమకు సాగుతుంది. కాగితం తిప్పితే ఎడమ నుంచి చదువుకోవచ్చు. పొరపాటున పడిన చుక్కను గోటితో నొక్కి అణచేస్తారు. ఆరు చుక్కలకు ఆరు మీటలుండే బ్రెయిలీ యంత్రమైతే పని త్వరగా అవుతుంది.

ఈ లిపి కర్త లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సులో పుట్టాడు. మూడేళ్ల వయసులో తండ్రి తోలుపని కొట్టులో ఆరె గుచ్చుకుని కన్ను పోయింది. కొన్నాళ్లకు రెండో కన్నూ పోయింది. పదిహేనేళ్లకే, 1824లో, ఈ చుక్కల లిపికి రూపమిచ్చాడు. అదీ అలాంటి మొనతోనే!

గుట్టు దక్కేది ఇక్కడే

చూపులేని వారికి మామూలు ఉత్తరం వస్తే చదివేది ఇంకొకరు, జవాబు రాసేదీ ఇంకొకరే. అత్తారింటి కష్టం, అప్పు మాట, మనసులోని ఇష్టం.. ఏదైనా మూడో మనిషి చెవిన పడాల్సిందే. ఫోన్లు వచ్చాక తెర మీది అక్షరాలను అవే చదివి వినిపిస్తున్నాయి, గొంతు రికార్డు చేసి పంపొచ్చు. నిజమే. కానీ నలుగురిలో వింటే మాట బయటికి పొక్కుతుంది. చూపుతోపాటు వినికిడీ లేనివారికి ఆ వసతి అక్కరకే రాదు. ఆరు చుక్కల ఉత్తరాన్ని దుప్పటి కింద పెట్టుకుని కూడా చదువుకోవచ్చు. దీపం అక్కర్లేదు, తోడూ అక్కర్లేదు.

పంపేదిలా..

* దళసరి కాగితం, పెద్ద గుర్తులు కావడంతో నాలుగు మాటలకే ఉత్తరం బరువెక్కుతుంది. అందుకే తపాలా శాఖ 'బ్లైండ్ లిటరేచర్' పేరిట విడి తరగతి పెట్టింది. సాధారణ మార్గంలో 7 కిలోల వరకు తపాలా రుసుము ఉండదు. విమానంలో పంపాలంటే అదనంగా కట్టాలి.
* కట్ట మీద పై భాగంలో 'బ్లైండ్ లిటరేచర్' అని రాయాలి. పంపేవారి, అందుకునేవారి చిరునామాలు మామూలు అక్షరాల్లో ఉండాలి. ఇక్కడ మాత్రం చూపున్నవారి సాయం తప్పదు.
* తనిఖీకి వీలుగా, సులువుగా విప్పేలా కట్టాలి. లోపల మామూలు రాతలో చీటీలు పెట్టకూడదు.
* మడత చుక్కల మీద పడకూడదు. రెండు వైపులా అట్టముక్క పెడితే ముద్ర దెబ్బకు చుక్కలు అణగవు.
* కౌంటర్లో ఇచ్చే ముందు నిబంధనలు ఒకసారి అడిగి తెలుసుకోవడం మేలు.