హోప్ ఐలాండ్: పగలంతా విహారం, పొద్దుగూకేలోపు తిరుగు ప్రయాణం

ప్రత్యేక వ్యాసం

కాకినాడ తీరాన నిలిచి నిర్మలమైన రోజున సముద్రం వైపు చూస్తే, నీటికి ఆకాశానికి నడుమ సన్నని గీతవలె కానవచ్చేదే హోప్ ఐలాండ్. తోకకప్ప ఆకారంలో దాదాపు 16 కిలోమీటర్ల పొడవున సాగిన ఈ ఇసుక దీవి విస్తీర్ణం సుమారు 8 చదరపు కిలోమీటర్లు. 18వ శతాబ్దం చివరి వరకు ఇక్కడ ఉన్నది సముద్రమే. గౌతమీ గోదావరి నుంచి చీలిన కోరింగ పాయ వరదలతో మోసుకువచ్చిన ఇసుకను, ఒండ్రును కెరటాలు ఉత్తర దిశగా నెట్టుకుంటూ పోగా, గడచిన రెండు వందల ఏళ్ల కాలంలోనే ఈ దీవి రూపుదిద్దుకున్నది. భూమి చరిత్రలో ఇది నిన్నమొన్నటి సంగతి.

సెలవు రోజులలో ఈ దీవికి వెళ్లదలచినవారు మొట్టమొదట అడిగే ప్రశ్న, అక్కడ చేయడానికి ఏమున్నదని. దీవి అనగానే కుటీరాలు, దీపాల తోరణాలు, నీటి ఆటల యంత్రాలు కళ్ల ముందు కదలడం సహజం. హోప్ ఐలాండ్ అటువంటి దీవి కాదు. దీనిని విలాస విడిదిగా వర్ణించే కథనాలు చదివి రేవుకు చేరినవారు నిరాశ చెందడం ఖాయం. ఇది ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావలసిన చోటు. ఆ హద్దు ఎందుకున్నదో తెలిస్తే, ఆ ఒక్క పగటిలో చేయదగినవి ఎన్నో ఉన్నాయని కూడా తెలుస్తుంది.

విహారం పడవలోనే మొదలవుతుంది. కాకినాడకు, దీవికి మధ్యనున్న కాకినాడ అఖాతం వైశాల్యం 146 చదరపు కిలోమీటర్లు. లంగరు వేసిన పెద్ద ఓడలు, వాటి వద్దకు సరుకు చేరవేసే బార్జీలు ఇక్కడ దారి పొడవునా దర్శనమిస్తాయి. ఓడలు నడిసముద్రపు అలజడి లేకుండా ఇలా నిలవగలగడానికి కారణం ఎదురుగా అడ్డంగా పరుచుకున్న ఈ దీవే. దీవి ఉత్తరపు కొసను గోదావరి పాయింట్ అంటారు. అఖాతంలోకి, రేవులోకి ప్రవేశించే నౌకా మార్గం ఆ కొస ముందునుంచే సాగుతుంది. పిల్లలను వెంట తీసుకువెళ్లేవారు ఈ విషయాన్ని పడవలోనే వివరించి చెబితే, భూగోళ పాఠం పుస్తకం అవసరం లేకుండానే బోధపడుతుంది.

ఈ ప్రాంతపు గతం తెలిసినవారికి ఆ అడ్డుగోడ విలువ చెప్పనక్కరలేదు. ఒకప్పుడు ఓడల నిర్మాణానికి, విదేశీ వర్తకానికి పేరుగాంచిన కోరింగ రేవు 1789లో ఒకసారి, 1839 నవంబరులో మరొకసారి ఉప్పెన పాలైంది. ఆ తరువాత అది కోలుకోలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తూర్పు గోదావరి తీరాన్ని తాకిన తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. నాడు కెరటాల ధాటి కాకినాడపై నేరుగా పడకుండా హోప్ ఐలాండ్ అడ్డు నిలిచింది. ఇసుక తిన్నెలపై అల్లుకుపోయిన తీగలను పీకడం, వాటిపై వాహనాలు నడపడం వంటివి చూడడానికి చిన్న విషయాలే. కాని ఇసుకను పట్టి ఉంచేది ఆ తీగలే. గోదావరిపైన, దాని ఉపనదులపైన జలాశయాలు పెరిగినకొద్దీ డెల్టాకు చేరే ఒండ్రు తగ్గుతూ వచ్చింది. కనుక ఉన్న ఇసుకను కాపాడుకోవడం మునుపటికంటే ముఖ్యమైనది.

దీవికి రెండు ముఖాలు ఉన్నాయి. అఖాతం వైపు నీరు నిశ్చలంగా ఉండి, నేల బురదగా ఉంటుంది. బంగాళాఖాతం వైపు చక్కని ఇసుక తీరం, ఎడతెగని కెరటాలు. నడకకు రెండవదే అనువైనది. పాటు సమయంలో నీరు వెనుదిరిగినప్పుడు తడి ఇసుకపై మైళ్ల కొద్దీ నడవవచ్చు. బొరియలలోకి ఉరికే పీతలను, అలలు వదిలిన గవ్వలను చూస్తూ నడిచేవారికి కాలం తెలియదు. గవ్వలను చూసి వదిలివేయడమే మంచిది. కొన్నింటి లోపల జీవి ఉంటుంది, కొన్ని జాతులకు చట్ట రక్షణ కూడా ఉన్నది. శీతాకాలంలో వలస పక్షులు బురద నేలలకు చేరుతాయి కాబట్టి దుర్భిణి వెంట ఉంటే మేలు. కింది ముక్కుతో నీటిని గీతలా చీల్చుకుంటూ ఎగిరే ఇండియన్ స్కిమ్మర్ అనే అరుదైన పక్షి కాకినాడ తీరానికి వచ్చే అతిథులలో ఒకటి. దానిని చూడగలిగినవారు అదృష్టవంతులు.

దీవిలో మత్స్యకారుల ఆవాసం ఉన్నది. వలలు అల్లుకునేవారితో, చేపలు ఎండబెట్టుకునేవారితో నాలుగు మాటలు మాట్లాడితే గాలి మారే తీరు, చేపల రాకడ, తుపాను జాడలు ఎన్నో తెలుస్తాయి. ఫొటో తీసేముందు అనుమతి అడగడం మర్యాద. అది వారి ఇంటి ముంగిలి అనే సంగతిని సందర్శకులు తరచు మరచిపోతుంటారు.

సముద్ర స్నానం విషయంలో మాత్రం వెనుకంజే ఉత్తమం. బయటి తీరంలో కెరటాలు విరిగిన తరువాత ఆ నీరంతా కొన్నిచోట్ల ఇరుకైన దారి చేసుకుని వేగంగా లోపలికి మళ్లుతుంది. రిప్ కరెంట్‌గా వ్యవహరించే ఈ ప్రవాహం ఉన్నచోట అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ ప్రశాంతతే మోసం. అందులో చిక్కినవారు తీరం వైపు ఎదురీదితే అలసిపోయి మునుగుతారు. తీరానికి సమాంతరంగా పక్కకు ఈది, ప్రవాహం దాటిన తరువాత ఒడ్డుకు మళ్లాలి. జనసమ్మర్దం లేని ఇటువంటి తీరంలో ఆదుకునేవారు తక్షణమే దొరకరు. మోకాలి లోతు దాటకపోవడం, మద్యం సేవించినవారిని నీటి దరికి పోనీయకపోవడం తప్పనిసరి.

ఇక సాయంత్రానికే ఎందుకు వెనుదిరగాలన్న ప్రశ్న. ఈ తీరంలో రాత్రి వేళ హక్కుదారులు వేరే ఉన్నారు. ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేళ్లు ముఖ్యంగా జనవరి నుంచి మార్చి వరకు చీకటి మాటున ఒడ్డుకు వచ్చి, వెనుక కాళ్లతో ఇసుకను తవ్వి, ఒక్కొక్కటి వందకు పైగా గుడ్లు పెట్టి, గుంతను పూడ్చి సముద్రంలోకి వెళ్లిపోతాయి. వెలుతురు గాని అలికిడి గాని ఉంటే గుడ్లు పెట్టకుండానే తిరిగిపోతాయి. ఇసుక వేడికే గుడ్లు 45 నుంచి 60 రోజులలో పొదగబడతాయి. పుట్టేది ఆడదా మగదా అన్నది కూడా ఆ వేడిని బట్టే నిర్ణయమవుతుంది. ఇసుకలోనుంచి పైకి వచ్చిన పిల్లలు వెలుగు ఉన్న దిక్కుకు నడుస్తాయి. సహజంగా రాత్రివేళ ఆ వెలుగు సముద్రానిది. తీరంలో దీపాలు, చలిమంటలు ఉంటే అవి అటువైపు నడిచి, తెల్లవారేసరికి కుక్కల పాలో, కాకుల పాలో అవుతాయి. ఒక్క రాత్రి గుడారం, ఒక్క చలిమంట చాలు ఇంతటి నష్టానికి.

అటవీ శాఖ సిబ్బంది గుడ్లను సేకరించి, కంచె వేసిన సంరక్షణ కేంద్రాలలో ఇసుకలో పాతి, పిల్లలను సముద్రంలోకి వదులుతున్నారు. అనుమతి ఉన్నప్పుడు దూరం నుంచి ఈ దృశ్యాన్ని చూడగలిగితే దీవి విహారంలో అంతకు మించినది లేదు. పిల్లలను చేతిలోకి తీసుకుని ఫొటోలు దిగడం మాత్రం తగదు. పాత్రికేయ మిత్రులు గమనించదగిన అంశం మరొకటి ఉన్నది. ట్రాలర్ వలలలో చిక్కిన తాబేలు శ్వాసకు నీటిపైకి రాలేక మరణిస్తుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు అమలయ్యే చేపల వేట నిషేధం నాటికి, తాబేళ్లు ఒడ్డుకు వచ్చే కాలం చాలావరకు ముగిసిపోయి ఉంటుంది. కనుక వేట నిషేధమే వాటిని కాపాడుతున్నదని రాయడం సరికాదు. తాబేలు తప్పించుకునే ద్వారం గల వలల వాడకమే అసలు రక్షణ. కళేబరం గాని, గాయపడిన తాబేలు గాని కంటపడితే అటవీ సిబ్బందికి తెలియజేయాలి.

ఆలివ్ రిడ్లే తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో ఉన్నది. 1978లో ఏర్పాటైన కోరింగ అభయారణ్యం పరిధిలోని ప్రదేశాలకు వెళ్లడానికి ఇదే చట్టం ప్రకారం అనుమతి పొందాలి. వన్యప్రాణులను వేధించడాన్ని, చెత్త పారవేయడాన్ని 27వ సెక్షన్, నిప్పు రాజేయడాన్ని 30వ సెక్షన్ నిషేధిస్తున్నాయి. మడ అడవులను, తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలను కోస్తా నియంత్రణ మండలి నిబంధనలు అత్యంత సున్నితమైన తరగతిలో చేర్చాయి. దీవిలో శాశ్వత నిర్మాణాల కోసం వచ్చే ప్రతిపాదనలను పరిశీలించే అధికారులకు ఇది తెలియనిది కాదు. సందర్శకులకు కూడా తెలియడం అవసరం.

గాలి ఎక్కువై పడవలు కదలని రోజున ప్రయాణం వృథా కానవసరం లేదు. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే కోరింగ అభయారణ్యం ఉన్నది. 235.70 చదరపు కిలోమీటర్ల ఈ అభయారణ్యంలో మడ చెట్ల నడుమ వేసిన చెక్క బాటపై నడుస్తూ తెల్లమడ, నల్లమడ చెట్ల వేళ్లు బురదలోనుంచి మేకులవలె పైకి పొడుచుకురావడాన్ని చూడవచ్చు. ఉప్పునీటి బురదలో గాలి అందని వేళ్లకు అవే ముక్కులు. తిల్ల చెట్టు ఆకులు తుంచరాదు, దాని పాలు కంటిలో పడితే ప్రమాదం. చేపలు పట్టి తినే బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడి వాసులే అయినా మధ్యాహ్నపు సందర్శకుల కంటపడడం అరుదు.

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు నెలలలో తుపాను హెచ్చరికలు చూసుకోనిదే బయలుదేరరాదు. రైలులో వచ్చేవారికి సామర్లకోట జంక్షన్ దగ్గర. దీవికి అనుమతి ఉన్నదీ లేనిదీ ముందురోజే అటవీ, పర్యాటక శాఖల కార్యాలయాలలో విచారించుకోవాలి. లైఫ్ జాకెట్లు లేని పడవ ఎక్కరాదు. తాగునీరు, టోపీ, తేలికైన నూలు దుస్తులు వెంట ఉండాలి. దీవిలో హోటళ్లను నమ్ముకోకుండా పులిహోర, దద్దోజనం కట్టుకుపోవడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ ఉత్తమమైనది. కాకినాడ కాజా సరేసరి. విస్తళ్లు, సీసాలు, సంచులు తిరిగి పడవ ఎక్కించవలసిందే. అమావాస్య, పౌర్ణమి రోజులలో పోటు, పాటుల మధ్య తేడా ఎక్కువ. అఖాతంలో లోతు తక్కువ కావడం వలన పాటు సమయంలో పడవ బురదలో దిగబడే ప్రమాదం ఉన్నది. కనుక తిరుగు ప్రయాణపు వేళ సరంగు చెప్పినదే ఖాయం చేసుకుని, ఆ వేళకు అరగంట ముందుగానే అందరూ పడవ దగ్గరకు చేరుకోవాలి.